పేగు క్యాన్సర్‌లో కణాల అతుకుల మీద పని మొదలుపెట్టే ముందు

తమ్ముడూ, నీ ప్రపోజల్ చదివాను. ఈ-క్యాడ్హెరిన్ (కణాలను ఒకదానికొకటి అతికించే ప్రోటీన్) తగ్గితే కణాలు విడిపోతాయి, విడిపోతే క్యాన్సర్ పాకుతుంది అన్న ఒక్క మాట మీదే మొత్తం కట్టేశావు, అది ముందు మార్చు. డిఫ్యూజ్ రకం (కణాలు విడివిడిగా చెదిరి పెరిగే) కడుపు క్యాన్సర్‌లో ఈ-క్యాడ్హెరిన్ జన్యువు దెబ్బతినడం తరచూ కనిపిస్తుంది గానీ పెద్దపేగులో అది అరుదు, ఇక్కడ ఎక్కువగా చెడేది ఏపీసీ అనే జన్యువు.

ఏపీసీ బాగుంటే దాని ప్రోటీన్ అదనంగా ఉన్న బీటా-క్యాటెనిన్ అనే ఇంకో ప్రోటీన్‌ను ఎప్పటికప్పుడు నాశనం చేయిస్తుంది. ఈ రెండూ ఒకదాన్నొకటి పట్టుకుంటాయని 1993లో తేలింది. చిక్కంతా బీటా-క్యాటెనిన్‌కి రెండు ఉద్యోగాలు ఉండటంలోనే ఉంది: కణపొర దగ్గర ఈ-క్యాడ్హెరిన్ తోకను పట్టుకుని ఆల్ఫా-క్యాటెనిన్ అనే ప్రోటీన్ ద్వారా కణం లోపలి యాక్టిన్ పోగులకి కలుపుతుంది, అదే పోగుపడి న్యూక్లియస్‌లోకి చేరితే జన్యువులను నడిపే టీసీఎఫ్ ప్రోటీన్‌తో కలిసి కణాలను పెంచే జన్యువులను లేపుతుంది. అందుకే ఎంత ఉందో చూసి ఆగిపోకు, ఎక్కడ ఉందో చూడు. వెస్టర్న్ బ్లాట్‌కి (ప్రోటీన్ ఎంత ఉందో చూసే పరీక్ష) కణాలన్నీ కలిపి నలిపేస్తావు కాబట్టి ఆ జవాబు అందులో రాదు, మెరిసే యాంటీబాడీలతో ప్రోటీన్ ఎక్కడుందో చూపే ఇమ్యునోఫ్లోరెసెన్స్ తప్పదు.

స్లైడ్ చూసేటప్పుడు గడ్డ మధ్యలో అందంగా ఉన్న చోటే ఫొటో తీసుకుని వచ్చేయకు, అందరూ చేసేది అదే. కణజాలంలోకి చొచ్చుకుపోయే అంచుకి వెళ్లు. అక్కడ ఒంటరిగానో, నలుగురు కలిసో విడిపోయిన కణాలు కనిపిస్తాయి, ట్యూమర్ బడ్డింగ్ అనేది వాటినే. న్యూక్లియస్‌లో బీటా-క్యాటెనిన్ ఎక్కువగా అక్కడే దొరుకుతుంది. తమాషా ఏంటంటే వేరే చోటికి పాకి అక్కడ పెరిగిన గడ్డల్లో చాలాసార్లు అతుకులు మళ్లీ కుదురుకుంటాయి, కాబట్టి ఒకసారి పోతే పోయినట్టే అని రాయకు. అతుకుల్లోని ఇంకో ప్రోటీన్ క్లాడిన్-1 అయితే చాలా పేగు క్యాన్సర్లలో తగ్గకపోగా పెరుగుతుంది, కొన్నిట్లో న్యూక్లియస్‌లోనూ కనిపిస్తుంది. డెస్మోజోమ్‌లని (ఇంకో రకం అతుకులు) ఈ ప్రాజెక్టులోకి లాగకు, అది వేరే మూడేళ్ల పని.

ఇక ల్యాబ్‌లో జాగ్రత్తలు. క్యాడ్హెరిన్‌లు నిలబడాలంటే కాల్షియం కావాలి, ట్రిప్సిన్-ఈడీటీఏ (ప్రోటీన్లను కోసే ఎంజైమ్, కాల్షియాన్ని లాగేసే రసాయనం) వేసి ప్లేట్ నుంచి లేపిన కణాల్లో వాటి బయటి భాగం తెగిపోయి ఉంటుంది. లేపిన వెంటనే ఫ్లో సైటోమెట్రీ (ఒక్కో కణం మీద ప్రోటీన్ ఎంతుందో కొలిచే పరీక్ష) చేసి "తగ్గింది" అని సంబరపడే పిల్లల్ని చాలామందిని చూశాను. పలచగా వేసిన ప్లేట్‌నీ నిండిన ప్లేట్‌నీ పోల్చకు, పలచటి దాంట్లో అతుకులు ఇంకా ఏర్పడే ఉండవు. కణాల ఎంపికలోనూ తొందరొద్దు: ఎస్‌డబ్ల్యూ480, ఎస్‌డబ్ల్యూ620 అనే ల్యాబ్‌లో పెంచే కణాలు రెండూ ఒకే రోగివి, మొదటిది అసలు గడ్డ నుంచి, రెండోది లింఫ్ గ్రంథి నుంచి, రెండిట్లోనూ ఏపీసీ చెడి ఉంటుంది. హెచ్‌సీటీ116 అనే ఇంకో రకం కణాల్లో ఏపీసీ బాగానే ఉండి బీటా-క్యాటెనిన్ జన్యువులోనే మార్పు ఉంటుంది. ఈ తేడా తెలియకుండా మూడిటినీ ఒకే గ్రాఫ్‌లో పెడితే రివ్యూయర్ వదలడు.

సవరించిన ప్రపోజల్ పంపేటప్పుడు అంచు దగ్గర తీసిన ఫొటోలు కూడా జత చెయ్యి, స్కేల్ బార్ మర్చిపోకు.