తలుపు చాటున వైరు బుట్ట

బద్వేలు దగ్గరి పల్లెలో పుట్టి, కడపలో ఉద్యోగం చేసుకుంటున్న 43 ఏళ్ల పెద్దమనిషి రాసిన ఉత్తరం ఇది. నాలుగు పేజీలుంది. అవసరమైనంత వరకు ఆయన మాటల్లోనే ఇస్తున్నాను.

"మా నాయన ఇల్లు చెరువు కట్ట పక్కన, నిండిన నీళ్లు పొర్లిపోయే మరువకు కూతవేటు దూరంలో ఉంది. మొన్నటి తుపానుకు రెడ్ అలర్ట్ అనగానే పొద్దున్నే బండేసుకొని పోయినా. అప్పటికే చెరువు నిండి మరువ పారతాంది. గ్రామ సచివాలయం వాళ్లు వచ్చి హైస్కూలుకు పొమ్మన్నారు. నాయన మంచం దిగలేదు. 'పుట్టినప్పటి నుంచి ఈ కట్టను చూస్తాండా, తెగేది కాదు పో' అన్నాడు. సాయంత్రం దాకా వాదులాడుకున్నాం. పాత సంగతులన్నీ బయటికొచ్చినాయి. ఆ గొడవలోనే అమ్మ ఎనుమును మిట్టకు తోలి వచ్చి, సంగటి కెలికి మా ఇద్దరికీ పెట్టింది. రాత్రి పదింటికి వంక పొంగి ఇంట్లోకి మోకాటిలోతు నీళ్లు వచ్చినాయి. చీకట్లో బయటపడేటప్పుడు అమ్మ జారిపడితే మణికట్టు విరిగింది. పిండికట్టు వేయించి నా దగ్గరే పెట్టుకున్నా. నాయన పల్లె వదలడు, నాతో మాట్లాడడు. ఆ ఇల్లు అమ్మించేయాలా? నాయనను ఎట్లా ఒప్పించాలి? అమ్మతో ఇబ్బంది లేదు, ఆమె ఎక్కడున్నా సర్దుకుంటుంది. మర్నాడు బురద ఎత్తేటప్పుడు చూస్తే, తలుపు చాటున ఆమె సర్దిపెట్టిన వైరు బుట్ట కూడా తడిసి ఉంది. బీపీ మాత్రలు, రెండు చీరలు, నాయన పంచె."

ఇంటి సంగతి ముందు తేల్చేద్దాం. ఇల్లు మీ నాయనది. ఆయన బతికుండగా అమ్మే మాట మీరు ఎత్తకూడదు. అయిపోయింది.

పోతే, మీ నాయన మొండివాడని మూడు పేజీలు రాశారు. నాకు అట్లా అనిపించలేదు. ఆ రోజు ఆయన మధ్యాహ్నం గొడుగేసుకొని కట్ట కిందికి పోయి ఊట చూసి వచ్చాడని మీరే రాశారు. అది తెలిసిన మనిషి చేసే పని. కట్ట కింద ఊట తేటగా ఉంటే అంత భయం లేదు. బురదగా వస్తే లోపల మట్టి కొట్టుకుపోతోందని అర్థం, ఇక నిలవకూడదు. తేటగానే ఉందని చెప్పాడు, కట్ట నిలిచింది కూడా. ఆయన లెక్కలోకి రానిది వంక. కంపచెట్లు మూసేసిన వంకలో మరువ నీళ్లు పట్టక ఊరి మీదికి మళ్లాయి. మీ భయమూ ఉత్తది కాదు. 2021 నవంబరు 19న తెల్లవారుజామున చెయ్యేటి మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట కొట్టుకుపోయి రాజంపేట పక్క పల్లెలు ఏమయ్యాయో కడప జిల్లాలో ఎవరూ మర్చిపోరు. కట్ట విషయంలో ఆయన గెలిచాడు, నీళ్ల విషయంలో మీరు గెలిచారు. చెయ్యి విరిగింది మాత్రం అమ్మకు.

అయ్యా, ఆ బుట్ట ఆమె ఎప్పుడు సర్దింది? రాత్రి పదింటికి, మోకాటిలోతు నీళ్లలో సర్దలేదు కదా. సచివాలయం వాళ్లు వచ్చి పోయిన తర్వాత, మీరిద్దరూ గొంతులు చించుకుంటున్నప్పుడు సర్దింది. అంటే మధ్యాహ్నానికే ఆమె పోవాలనుకుంది. మీ నాయన్ను కూడా తీసుకుపోవాలనుకుంది, పంచె పెట్టింది కాబట్టి. ఆ ఇంట్లో తుపాను గురించి సరిగ్గా ఆలోచించిన మనిషి ఆమె ఒక్కతే. పొద్దున్నుంచి రాత్రి దాకా ఎవరైనా "అమ్మా, నువ్వేమంటావ్?" అని అడిగారా? మీ ఉత్తరంలో ఆ మాట నాకు కనబడలేదు. సంగటి పెట్టిందని మాత్రం ఉంది. తిన్నారు కూడా.

మీ గొడవ మీ నాయనతో అనుకుంటున్నారు. కాదు, మీకు మీ అమ్మతో సంబంధమే లేదు. కటువుగా ఉందేమో, ఉండనీయండి. ఆమె గురించి ఏదైనా ఇన్నేళ్లూ ఆయనను అడిగి తెలుసుకున్నారు. ఆమెను ఎక్కడికి తీసుకుపోవాలన్నా ఆయన ఊ అనాలి. ఆయన ఊ అనకపోతే ఆమె నీళ్లలో నిలబడాలి. ఆ పూట మీరు ఒక్క మాట అని ఉంటే సరిపోయేది: "నాయనా, నువ్వు ఉంటే ఉండు. అమ్మను స్కూలు దగ్గర దించి వస్తా." బండి మీ దగ్గరే ఉంది. అది తండ్రిని ధిక్కరించడమని మీకు అనిపించి ఉంటుంది. నేను అట్లా అనుకోను. మొగుడి మొండితనంతో పాటు పెళ్లాం కూడా మునగాలని ఏ ధర్మమూ చెప్పదు.

పోరుమామిళ్ల మీకు దూరమేమీ కాదు. అక్కడి పెద్ద చెరువు తవ్వించినప్పుడు, 1369లో వేయించిన శాసనంలో మంచి చెరువుకు ఉండాల్సిన 12 అంగాలతో పాటు, ఉండకూడని 6 దోషాలు కూడా చెక్కించారు. కట్ట కారడం ఒక దోషం. రెండు రాజ్యాల సరిహద్దులో చెరువు ఉండటం ఇంకో దోషం. ఎందుకో ఊహించుకోవచ్చు. ఇద్దరు రాజులూ నాదే అంటారు, గండి పడితే మాత్రం ఎవడూ తట్టెడు మట్టి వేయడు. మీ అమ్మ ఆ సరిహద్దులోనే కాపురం చేస్తోంది.

2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలును ముంచినప్పుడు మా పెద్దమ్మ రెండు రాత్రులు మిద్దె మీద గడిపింది. ముందే ఎందుకు రాలేదమ్మా అని తర్వాత తిట్టాను. "మీ పెదనాయన రానన్నాడు. నన్నెవరు అడిగినారే?" అంది. ఆ మాటకు నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. అందుకే మీ ఉత్తరం చూసి కొంచెం కోపం వచ్చింది.

ఇప్పుడు చేయాల్సింది చెప్తాను. ఈ ఆదివారం మీ భార్యాపిల్లలను ఏదో పని మీద బయటికి పంపి, అమ్మ దగ్గర కూర్చోండి. ఎక్కడ ఉండాలని ఉందో అడగండి. "మీ ఇష్టం నాయనా" అంటుంది. అది జవాబు కాదు, ఇన్నేళ్ల అలవాటు. మళ్లీ అడగండి, ఆమె చెప్పేదాకా లేవొద్దు. పల్లెకే పోతానంటుందేమో. ఆమెకు ఎనుముంది, ఇరుగూపొరుగూ ఉన్నారు, మొగుడున్నాడు. పోతానంటే కట్టు విప్పగానే పంపండి. ఒక మాట మాత్రం ముందే అనుకోండి: ఈసారి అలర్ట్ వచ్చిన పూటే ఆమె బయల్దేరుతుంది, ఎవరి సెలవూ అక్కర్లేదు. వంకలో కంప కొట్టించే పని పంచాయతీ వాళ్ల వెంటపడి మీరు చేయించండి. మీ నాయన ఊట చూసుకుంటాడు.

ఆయన దగ్గరికి ఒక్కరే పోండి, ఎండ కాసే రోజు చూసుకొని. ఇల్లు, తుపాను, పాత సంగతులు ఏవీ ఎత్తొద్దు. ఆ బుట్టలోని పంచె ఉతికి, మడత పెట్టి తీసుకుపోండి. ఇది ఎక్కడిదిరా అని ఆయన అడిగితే చెప్పండి.