హింస ఉన్న సినిమాల్ని, గేమ్స్‌ని ప్రభుత్వం ఆపాలా? నా చేత్తో తీసేసిన పదకొండు సెకన్లు

"హింస ఎక్కువగా ఉన్న సినిమాల్ని, వీడియో గేమ్స్‌ని ప్రభుత్వం నిషేధించాలా, లేక చూసేవాళ్ళ ఇష్టానికి వదిలెయ్యాలా? రాజకీయ నాయకులు దీనిమీద ఇంత గొడవ ఎందుకు పడతారు?" అని అడిగారు.

పెద్దవాళ్ళు చూసేదాన్ని ప్రభుత్వం కత్తిరించకూడదన్నది నా మాట. పిల్లల విషయంలో మాత్రం వయసు హద్దు ఉండాలి, అదీ గట్టిగా అమలవ్వాలి. ఒకప్పుడు నేను ఒక సినిమా ఎడిటర్ దగ్గర అసిస్టెంట్‌గా పనిచేశాను. అప్పుడు ఒక షాట్‌ని నా చేత్తోనే తీసేశాను. ఈ అభిప్రాయం అక్కడ పుట్టిందే కాబట్టి ముందు అది చెబుతాను.

కథలో ఇద్దరు స్నేహితులు. మొదట నాలుగు నిమిషాల పెద్ద ఫైట్. హీరో పది పన్నెండు మందిని చితకబాదుతాడు, మనుషులు గాల్లో ఎగిరి గోడలకి కొట్టుకుంటారు, ఎవరికీ చుక్క నెత్తురు రాదు. ఆ ఊపులోనే మాటా మాటా పెరిగి స్నేహితుణ్ణి కత్తితో పొడుస్తాడు. పొడిచాక కెమెరా అతని చేతిమీదే ఆగుతుంది. నెత్తురంటిన చేతిని చొక్కాకి తుడుచుకుంటాడు. పోదు. మళ్ళీ తుడుస్తాడు. వేళ్ళు వణుకుతుంటాయి. కిందపడ్డవాడు మనకి కనిపించడు గానీ, ఇతన్ని చిన్నప్పటి ముద్దుపేరుతో పిలుస్తుండటం వినిపిస్తుంది. మొత్తం పదకొండు సెకన్లు. మొదటి ప్రివ్యూలో ఆ చోట ఎవరూ కదల్లేదు. నా పక్కన కూర్చున్న పెద్దాయన కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. ఆ సీన్ అయిపోయేదాకా మళ్ళీ పెట్టుకోలేదు.

పెద్దవాళ్ళతో కలిసి పిల్లలు కూడా చూడొచ్చనే సర్టిఫికెట్ కావాలంటే ఆ షాట్ తీసెయ్యాలన్నారు సెన్సార్ వాళ్ళు. నాలుగు నిమిషాల ఫైట్ జోలికి మాత్రం రాలేదు. అందులో నెత్తురు లేదు మరి.

"సార్, ఇది తీసేస్తే వాడు ఏం చేశాడో వాడికి తెలిసినట్టే ఉండదు" అన్నాను మా ఎడిటర్‌గారితో.

"నాకూ తెలుసయ్యా. రిలీజ్ డేట్ ఇచ్చేశారు. తీసెయ్" అన్నారాయన, స్క్రీన్ మీద నుంచి కళ్ళు తిప్పకుండా.

తీశాను. కత్తి దిగిన చప్పుడు నుంచి నేరుగా బైక్ స్టార్ట్ చేసే షాట్‌కి అతికించాను. ఆ అతుకు తెలియకుండా మ్యూజిక్ కాస్త ముందుకు జరిపి, సౌండ్ పెంచాం. రిలీజ్ రోజు హాల్లో వెనక వరుసలో కూర్చుని చూశాను. ప్రివ్యూలో అందరూ బిగుసుకుపోయిన చోటే విజిల్స్ పడ్డాయి.

స్నేహితుణ్ణి పొడిచి చంపినందుకు విజిల్స్! రాసినవాళ్ళు, తీసినవాళ్ళు కోరుకున్నది దానికి పూర్తిగా వ్యతిరేకం. మధ్యలో పదకొండు సెకన్లు పోవడంతో హత్య కాస్తా హీరోయిజం అయిపోయింది. ఇన్నేళ్ళయినా ఆ విజిల్స్ నా చెవుల్లోంచి పోలేదు.

ఏ దేశంలోనైనా సెన్సార్ చివరికి నెత్తురుని లెక్కపెట్టే పనిలో పడుతుంది, కొలతకి అందేది అదొక్కటే కాబట్టి. 1997లో బ్రిటన్‌లో కార్మగెడ్డాన్ అనే గేమ్‌కి ఇలాగే అయింది. రోడ్డుమీద నడిచేవాళ్ళని కారుతో గుద్దితే పాయింట్లొచ్చే ఆట అది. అక్కడి సెన్సార్ సంస్థ సర్టిఫికెట్ ఇవ్వనంది. కంపెనీవాళ్ళు మనుషుల్ని జాంబీలుగా, అంటే నడిచే శవాలుగా మార్చి, నెత్తురుకి ఆకుపచ్చ రంగేసి విడుదల చేసుకున్నారు. జర్మనీ వెర్షన్‌లోనైతే రోబోలని పెట్టారు. గుద్దడం అలాగే ఉంది, పాయింట్లూ అలాగే ఉన్నాయి. తర్వాత అప్పీలులో బ్రిటన్‌లో అసలు వెర్షన్‌కే అనుమతి వచ్చింది. ఆ గేమ్ గొప్పదని నేననను, నాకు అస్సలు నచ్చదు. కానీ రంగు మార్చడంవల్ల ఏ పిల్లాడికి మేలు జరిగిందో ఎవరైనా చెప్పగలరా?

ఇక రాజకీయం సంగతి. కొత్త మాధ్యమం వచ్చిన ప్రతిసారీ ఈ గొడవ మళ్ళీ మొదటికొస్తుంది. అమెరికా సెనేట్‌లో 1954లో కామిక్ పుస్తకాల మీద విచారణ జరిగింది. ఆ ఏడాదే ప్రచురణకర్తలు భయపడి తమకి తామే ఒక కోడ్ పెట్టుకున్నారు. బ్రిటన్‌లో 1980ల మొదట్లో వీడియో క్యాసెట్ల మీద పెద్ద అలజడి రేగి, 1984లో చట్టం వచ్చింది. 1993 డిసెంబరులో అమెరికా సెనేటర్లు జోసెఫ్ లీబర్‌మన్, హెర్బ్ కోల్ మోర్టల్ కాంబాట్ లాంటి గేమ్స్ మీద విచారణ పెట్టారు. ప్రభుత్వం చట్టం తెచ్చేలోపే గేమ్ కంపెనీలు 1994లో సొంత రేటింగ్ బోర్డు పెట్టుకున్నాయి.

ఇది ఒక పార్టీకి సంబంధించిన సంగతని చాలామంది అనుకుంటారు. లీబర్‌మన్ డెమొక్రాట్. 2005లో గేమ్స్ అమ్మకం మీద బిల్లు పెట్టిన హిల్లరీ క్లింటన్ కూడా డెమొక్రాటే. 2018లో ఫ్లోరిడాలో ఒక స్కూల్లో కాల్పులు జరిగాక గేమ్ కంపెనీలవాళ్ళని వైట్‌హౌస్‌కి పిలిపించింది రిపబ్లికన్ అయిన ట్రంప్. ఘోరం జరిగినప్పుడు జనం సమాధానం అడుగుతారు. తుపాకుల చట్టం జోలికెళ్తే ఓట్లు పోతాయి, పిల్లల మానసిక ఆరోగ్యానికి డబ్బు పెట్టాలంటే బడ్జెట్ కావాలి. గేమ్‌ని తిడితే ఆ రెండు ఇబ్బందులూ ఉండవు. బిడ్డని పోగొట్టుకున్న అమ్మానాన్నలకి అలాంటి సమాధానం ఇచ్చి పంపడం నాకు చాలా బాధగా అనిపిస్తుంది.

మరి పరిశోధనలు ఏమంటున్నాయి? అమెరికాలో మనస్తత్వ నిపుణుల సంఘమైన అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్, గేమ్స్ మీద తన పాత తీర్మానాన్ని 2020లో మళ్ళీ పరిశీలించింది. హింసాత్మక గేమ్స్‌కీ, అరవడం, తొయ్యడం లాంటి దూకుడుకీ చిన్నపాటి సంబంధం ఉందంది. కాల్పుల్లాంటి హింసకి గేమ్స్‌ని కారణంగా చూపడం శాస్త్రీయంగా సరికాదనీ అదే తీర్మానంలో చెప్పింది. రెండు పక్షాలవాళ్ళూ ఇందులో తమకి కావలసిన సగమే చదువుతారు.

కోర్టుల దగ్గరికొస్తే, పద్దెనిమిదేళ్ళలోపు పిల్లలకి హింసాత్మక గేమ్స్ అమ్మకూడదంటూ కాలిఫోర్నియా 2005లో ఒక చట్టం చేసింది. 2011లో అమెరికా సుప్రీంకోర్టు 7-2 తేడాతో దాన్ని కొట్టేసింది. మెజారిటీ తీర్పు రాసిన జస్టిస్ స్కాలియా, పిల్లలకి మనం చెప్పే గ్రిమ్ సోదరుల జానపద కథల్లో మాత్రం హింస లేదా అన్నారు. వ్యతిరేకించిన ఇద్దరిలో జస్టిస్ బ్రెయర్ ఒకరు. నగ్న చిత్రాలున్న పత్రికని పదమూడేళ్ళ పిల్లాడికి అమ్మకుండా ఆపొచ్చు గానీ, ఒక స్త్రీని కట్టేసి హింసించే గేమ్‌ని అమ్మకుండా ఆపకూడదా అన్నది ఆయన ప్రశ్న. పెద్దల స్వేచ్ఛ గురించి ఇంత మాట్లాడే నేను ఇక్కడ బ్రెయర్ పక్షమే. పిల్లాడికి అమ్మొద్దనడం వేరు, అసలు తియ్యొద్దనడం వేరు.

భారత సుప్రీంకోర్టు 1970లో సినిమా దర్శకుడు కె.ఎ. అబ్బాస్ వేసిన కేసులో మరో దారి పట్టింది. మిగతా కళలకంటే సినిమా మనసుని ఎక్కువ కదిలిస్తుంది కాబట్టి ముందస్తు సెన్సార్ చెల్లుతుందంది. కదిలిస్తుందన్నది నూటికి నూరుపాళ్ళు నిజం, ఆ పెద్దాయన కళ్ళజోడు తియ్యడం నేను చూశాను. నేను తీసేసిందీ, మనసుని కదిలించిన ఆ షాట్‌నే.

ఇదంతా చదివి నాకు పిల్లల భయాలు తెలియవనుకోకండి. మావాడికి తొమ్మిదేళ్ళప్పుడు స్నేహితుడింట్లో ఫోన్‌లో ఏదో సినిమా ముక్క చూసొచ్చాడు. ఎవరినో కుర్చీకి కట్టేసి కొడుతున్న సీన్. నాలుగు రాత్రులు లైటు ఆర్పనివ్వలేదు. మూడోరోజు అనుకుంటా, నా చెయ్యి పట్టుకుని పడుకుని, "నాన్నా, ఆయనకి నిజంగా నొప్పేసిందా?" అని అడిగాడు. నటన అని చెప్పాను. మేకప్ గురించి చెప్పాను, దెబ్బ చప్పుడు విడిగా ఎలా కలుపుతామో అరచేత్తో దిండుమీద కొట్టి చూపించాను. కాస్త తేరుకున్నాడు. అయినా ఆ వయసులో అది వాడి కంట పడాల్సింది కాదు. "వదిలెయ్యండి, ఇదంతా స్వేచ్ఛ" అనేవాళ్ళు ఆ నాలుగు రాత్రుల గురించి కూడా ఆలోచించాలి.

అందుకే రేటింగ్‌ని నేను చాలా పట్టించుకుంటాను. అది సరిగ్గా అమలైతే పనిచేస్తుందన్న ఆధారమూ ఉంది. అమెరికాలో వినియోగదారుల రక్షణ చూసే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ మైనర్లని షాపులకి పంపి పరీక్షించేది. 2000లో వాళ్ళలో 85 శాతం మంది పదిహేడేళ్ళు దాటినవాళ్ళ గేమ్స్ కొనగలిగారు. 2011కి అది 13 శాతానికి పడిపోయింది. ఏ గేమ్‌నీ కత్తిరించలేదు, రంగులు మార్చలేదు. షాపులవాళ్ళు వయసు అడగడం మొదలుపెట్టారు, అంతే. ఇప్పుడు అమ్మకాలు ఫోన్లలోకి మారాయి కాబట్టి ఆ అడిగే బాధ్యత యాప్‌ల మీద పడాలి. చట్టం అక్కడ గట్టిగా ఉంటే నేను పూర్తిగా సమర్థిస్తాను. రేటింగ్ పక్కన వయసు అంకె ఒక్కటే వేస్తే చాలదు. హింస ఏ రకమో, చిత్రహింస ఉందా, పిల్లల మీద హింస ఉందా అన్నది రెండు ముక్కల్లో రాస్తే నాలాంటి తండ్రికి అక్కరకొస్తుంది.

పెద్దల సినిమాకి కూడా కట్ చెప్పే అధికారం ఎక్కడైనా మిగిలి ఉంటే, ఆ కట్ ఎందుకో వాక్యాల్లో రాసి జనం ముందు పెట్టాలి. ఫలానా షాట్ వల్ల ఎవరికి ఏ హాని అనుకుంటున్నారో, అది తీస్తే ఆ హాని ఎలా తగ్గుతుందో రాయాలి. మాకొచ్చిన కట్స్ లిస్టు కాగితాన్ని ఆ రోజు మానిటర్‌కి అతికించుకుని పనిచేశాను. షాట్ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో సెకన్లతో సహా రాశారు. కారణం రాయాల్సిన గడిలో "హింస" అని ఒక్క మాట ఉంది.