అంగిట్లో పుండు, మెడలో బిళ్ళ: మీ అత్తగారి వైద్యం గురించి

చిరంజీవి అమ్మలుకు పెద్దమ్మ ఆశీస్సులు.

"అత్తగారి అంగిటి క్యాన్సర్ మెడలోకి పాకిందట, ఇంక వైద్యం దండగ" అని మీ ఇంట్లో అంటున్నవాళ్ళ మాట చెవిన పెట్టకు. నోటి క్యాన్సర్ పాకితే సాధారణంగా ముందు పాకేది మెడలో బిళ్ళలకే, అంటే లింఫ్ గ్రంథులకే. జబ్బు ముదిరిన మాట నిజమే, కానీ అలాంటివాళ్ళకు నయం చెయ్యాలనే మొదలుపెడతారు. రిపోర్టులో 'నాలుగు ఎ' అని కనిపించినా హడలిపోకు. ఆ దశలో కూడా చాలామందికి ఆపరేషన్ చేస్తారు. ఊపిరితిత్తుల్లాంటి దూరపు చోట్లకు పాకితే అది 'నాలుగు సి', దాని దారి వేరు. స్కానింగ్ అయ్యేదాకా ఎవరి జోస్యమూ వద్దు. పసరు మందంటూ ఎవరైనా వస్తే కాఫీ ఇచ్చి పంపెయ్. ఇక్కడ వారాలు పోతే మళ్ళీ రావు.

ఆవిడ అడ్డచుట్ట మానేశారా? నిజం చెప్పు. నిప్పు కొస నోట్లో పెట్టుకుని కాల్చే అలవాటు మన శ్రీకాకుళం, విశాఖ తీరం ఆడవాళ్ళకు తరాలుగా ఉంది. ఆ వేడి, ఆ పొగ నేరుగా అంగిటికే తగులుతాయి. వార్డులో నేను చూసిన అంగిటి పుళ్ళలో చాలావాటి వెనక ఆ చుట్టే ఉండేది. "ఇప్పుడు మానితే ఏం లాభం" అంటారు. కరెంటు, అదే రేడియేషన్, పెట్టేటప్పుడు పొగ తాగితే ఆ వైద్యం సరిగ్గా పనిచెయ్యదు, పుళ్ళూ మానవు. అది చాలదూ?

ఆపరేషన్ ముందు పంటి డాక్టరుకు చూపించడం మాత్రం మరిచిపోవద్దు. రెండు పనులున్నాయి. పాడైన పళ్ళు కరెంటుకు కనీసం రెండు వారాల ముందే పీకించి, ఆ గాయం మాననివ్వాలి. కరెంటు తగిలిన దవడలో తర్వాత పన్ను పీకితే ఎముక కుళ్ళే ప్రమాదం జీవితాంతం ఉంటుంది. రెండోది, అంగిలి అచ్చు. అంగిట్లో కణితి తీస్తే నోటికీ ముక్కుకీ మధ్య కంత పడుతుంది. మంచినీళ్ళు తాగితే ముక్కులోంచి వచ్చేస్తాయి, మాట అంతా ముక్కుతో వస్తుంది. కొందరికి ఒంట్లోంచే కండ తీసి మూస్తారు. కానివాళ్ళకు ఆ అచ్చుతో చేసిన పలక పెడతారు, ఆబ్చురేటర్ అంటారు దాన్ని. అది పెట్టగానే మాట తేటపడుతుంది. ఒకావిడ మొదటిసారి అద్దం ముందు అది పెట్టుకుని, ముందు కొడుకును తిట్టింది! వార్డంతా నవ్వాం. తిన్న ప్రతిసారీ తీసి, మెత్తటి బ్రష్షుతో సబ్బునీళ్ళలో కడగాలి. మరిగే నీళ్ళు పొయ్యకు, వంకర పోతుంది. పుండు మానేకొద్దీ కంత ఆకారం మారుతుంది కాబట్టి పలకను మళ్ళీ మళ్ళీ సరిచేయించాలి. "ఇది పట్టడం లేదు" అని మూల పడేస్తే అది మన తప్పే.

మెడలో బిళ్ళలు తీసినవైపు భుజం సరిగ్గా లేవకపోవచ్చు. గోడ మీద వేళ్ళు పాకిస్తూ చెయ్యి పైకి ఎత్తే కసరత్తు రోజూ చేయించు.

ఆపరేషన్ తర్వాత సుమారు ఆరు వారాల్లోగా కరెంటు మొదలవ్వాలి. వారానికి ఐదు రోజులు, దాదాపు ఆరు వారాలు. బిళ్ళ గోడ దాటి జబ్బు బయటికి వచ్చిందని రిపోర్టు వస్తే, ఒళ్ళు తట్టుకుంటుందనుకుంటే, దాంతోపాటు కీమో కూడా ఇస్తారు. రెండు మూడు వారాలకి నోరంతా పూస్తుంది, రుచి పోతుంది, "ఇంక నేను రాను" అంటారు. అప్పుడే నువ్వు గట్టిగా ఉండాలి. మధ్యలో ఆపితే మిగిలిన కణాలు పుంజుకుంటాయి. మంట ఎక్కువైతే నొప్పి మందు పెంచమని అడుగు, ఓర్చుకోమనకు. లీటరు గోరువెచ్చని నీళ్ళలో చెంచా ఉప్పు, చెంచా తినే సోడా కలిపి గంటా రెండు గంటలకోసారి పుక్కిలించమను. కారం, పులుపు, ఆవకాయ బంద్. రాగిజావ, పెసరకట్టు, మెత్తగా ఉడికిన గుడ్డు, పెరుగన్నం మిక్సీలో వేసి ఇవ్వు. బరువు వారంవారం చూడు. తగ్గిపోతుంటే ముక్కు గొట్టం పెడతామంటారు, ఒప్పించు. గొట్టంలో పోసేది వడకట్టి పొయ్యి, కూర్చోబెట్టే పొయ్యి, ఆఖర్న నీళ్ళతో కడుగు.

నోరు బిగుసుకుపోకుండా ఐస్‌క్రీం పుల్లలు ఒకదాని మీద ఒకటి పేర్చి పళ్ళ మధ్య పెట్టించు, వారానికో పుల్ల చొప్పున పెంచు. మామూలుగా మూడు వేళ్ళు నిలువుగా పట్టాలి.

డబ్బు గురించి టెన్షన్ పడకు. ఆరోగ్యశ్రీ, ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవ అంటున్నారే, అందులో క్యాన్సర్ వైద్యం ఉంది. అగనంపూడి హోమీ భాభా ఆసుపత్రి మీకు దగ్గర. వెళ్ళేముందు ముక్క పరీక్ష (బయాప్సీ) చేసినచోట రిపోర్టు ఒక్కటే కాదు, గాజు స్లైడ్లు, మైనపు బ్లాకు కూడా అడిగి తీసుకో. అవి లేకపోతే మళ్ళీ ముక్క తియ్యాలంటారు.

మీ పెద్దమ్మ