సున్నా డిగ్రీల నీళ్లుండగా చేపలకు ఐసే ఎందుకు?

ఐసు ఉష్ణోగ్రత సున్నా డిగ్రీలే, బాగా చల్లబరిచిన నీళ్లదీ సున్నా డిగ్రీలే అయినప్పుడు చేపల నిల్వకు ఆ నీళ్లు సరిపోవా, ఐసే ఎందుకు కావాలి అని అడిగారు. విశాఖపట్నం చేపల రేవు దగ్గర ఒక ఐసు ఫ్యాక్టరీలో చాలాకాలం కంప్రెషర్ ఆపరేటరుగా పనిచేసినవాణ్ని కాబట్టి గట్టిగానే చెబుతున్నాను, సరిపోవు. చేపను కాపాడేది ఐసు చల్లదనం కాదు, ఐసు కరగడం.

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరబోట్ల వేట మీద నిషేధం ఉంటుంది. ఆ గడువు ముగిసే వేళకు రేవులోని బోట్లన్నీ ఒక్కసారిగా ఐసు కోసం ఎగబడతాయి. అటువంటి ఒక జూన్‌లో, సరిగ్గా గిరాకీ ముదిరిన రోజునే, కరెంటు పోయి చాలాసేపటి వరకు రాలేదు. ఉప్పునీటి తొట్టిలో దింపిన 50 కిలోల క్యాన్లలో నీళ్లు అంచుల వెంబడి గడ్డకట్టి, నడుమ మాత్రం నీళ్లుగానే మిగిలిపోయాయి. ఐసు కోసం వచ్చిన ఒక సరంగు, అంటే బోటు నడిపే పెద్ద, నా చేతిలోని థర్మామీటరు తీసుకుని స్వయంగా ఆ నడిమి నీళ్లలో ముంచి చూశాడు. సున్నా చూపించింది.

"పొద్దున చూసినప్పుడూ సున్నాయే, ఇప్పుడూ సున్నాయే. సున్నాకు వచ్చిన నీళ్లు ఇంకా గడ్డకట్టకపోవడమేమిటి మేస్త్రీ? పోనీ, ఈ నీళ్లే డ్రముల్లో పోసివ్వండి, చల్లగానే ఉన్నాయి కదా" అన్నాడు.

మీరడిగిన ప్రశ్నా, ఆయన అడిగిన ప్రశ్నా ఒకటే. మాటలతో ఒప్పించే సమయం కాదని, క్యాను నడుమ నుంచి తోడిన నీళ్లు ఒక బకెట్లోనూ, అంతే బరువున్న, చిన్నగా కొట్టిన ఐసు మరో బకెట్లోనూ పోసి, రెండింటిలోనూ థర్మామీటర్లు ఉంచి ఎండలో పెట్టాను. ఐసు బకెట్లోని ఎర్రగీత మొదట సున్నాకు కాస్త దిగువన ఉండి, పైకి వచ్చి సున్నా దగ్గర ఆగిపోయింది. అడుగున నీళ్లు చేరుతున్నాయి, ముక్కలు చిన్నవవుతున్నాయి, గీత మాత్రం కదలలేదు. నీళ్ల బకెట్లో గీత ఒక్క క్షణం కూడా ఆగకుండా ఎక్కుతూ పోయింది. ఆ నీళ్లు చేతికి గోరువెచ్చగా తగిలే సమయానికి కూడా రెండో బకెట్లో ఐసు మిగిలే ఉంది. సరంగు ఇంకేమీ అనకుండా, కరెంటు వచ్చి దిమ్మలు పూర్తయ్యేదాకా రేవులోనే ఆగాడు.

దీని వెనకనున్న లెక్క చాలా సులువు. ఒక గ్రాము నీటిని 30 డిగ్రీల నుంచి సున్నాకు దించడానికి అందులోంచి 30 కేలరీల వేడి తీస్తే చాలు. సున్నా డిగ్రీల దగ్గరే ఉన్న ఆ నీటిని సున్నా డిగ్రీల ఐసుగా మార్చడానికి మాత్రం మరో 80 కేలరీలు తీయాలి. అంటే థర్మామీటరు సున్నా చూపే సమయానికి అసలు పనిలో నాలుగో వంతు కంటే కొంచెం ఎక్కువ మాత్రమే అయినట్లు. ఆ పైన గడ్డకట్టిన పొరే వేడికి అడ్డుగోడ అవుతుంది కాబట్టి, పొర మందం రెండింతలు కావడానికి సమయం దాదాపు నాలుగింతలు పడుతుంది. దిమ్మకు రాత్రీ పగలూ పట్టేది అందుకే.

మనం తీసిన ఆ 80 కేలరీలను ఐసు కరిగేటప్పుడు చేపల నుంచి తిరిగి పుచ్చుకుంటుంది, అదీ తన ఉష్ణోగ్రత పెరగకుండా. చేప మాంసం సున్నాకు ఒకటి రెండు డిగ్రీల దిగువన గడ్డకట్టడం మొదలవుతుంది. కరిగే ఐసు దాన్ని ఆ హద్దుకు పైనే, చెడిపోయే వేడికి చాలా కిందనే నిలిపి ఉంచుతుంది. ఇంతకన్నా నమ్మకమైన యంత్రం మరొకటి నేను చూడలేదు.

అందుకే, వేట నుంచి వచ్చి "ఐసు కరగకుండా అలాగే మిగిలింది" అని గొప్పగా చెప్పుకునే బోటు యజమానులను చూస్తే నాకు బాధ కలుగుతుంది. దారిలో అవసరానికి కొంత మిగలాలి, నిజమే. కానీ ఒక మూల దిమ్మ దిమ్మగా మిగిలిందంటే అది చేపకు తగలలేదనీ, పని చేయలేదనీ అర్థం. పైన రెండు పెద్ద ముక్కలు పెట్టి గోనె కప్పే అమ్మకందారులదీ ఇదే పొరపాటు. ఐసును చిన్నగా కొట్టి చేపకూ చేపకూ మధ్య వేయాలి, కరిగిన నీరు మురికితో సహా బయటికి పోవడానికి పెట్టె అడుగున రంధ్రం ఉంచాలి. ఈ విషయం బడిలో ఒక గీతల పటంగా గీయించి, రెండు మార్కులకు బట్టీ పట్టించి వదిలేస్తున్నారు. ఐసు కరిగేంతసేపూ ఉష్ణోగ్రత పెరగదని చూపే ఆ పటంలోని అడ్డగీత మీదనే మన తీరంలోని చేపల వ్యాపారమంతా ఆధారపడి ఉందని ఏ పిల్లవాడికీ చెప్పడం లేదు.

మీరు అడగకపోయినా మరొకటి చెప్పాలి. ఐసు ఫ్యాక్టరీలో ఐసును తయారుచేసేది మరుగుతున్న ద్రవమే. మామూలు గాలి పీడనం దగ్గర అమ్మోనియా సున్నాకు 33 డిగ్రీల దిగువనే మరుగుతుంది. తొట్టిలోని గొట్టాల్లో అది మరిగి ఆవిరవుతూ ఉప్పునీటి నుంచి వేడిని లాక్కుంటుంది, ఉప్పునీరు క్యాన్లలోని మంచినీటి నుంచి లాక్కుంటుంది. కంప్రెషర్ ఆ ఆవిరిని నొక్కి, దాన్ని మళ్లీ ద్రవంగా మార్చే కండెన్సరుకు పంపితే, అక్కడ గొట్టాల మీద జారే నీటిలో కొంత ఆవిరై ఆ వేడిని గాలిలోకి మోసుకుపోతుంది. ఒక గ్రాము నీరు అలా ఆవిరవుతూ దాదాపు 580 కేలరీలు తీసుకుపోతుంది. నా లెక్క ప్రకారం ఒక 50 కిలోల దిమ్మ తయారు కావాలంటే పైన కండెన్సరు దగ్గర పది కిలోలకు పైగా నీరు ఆవిరైపోవాలి. గాలిలో తేమ నిండి ఉండే విశాఖ జూన్‌లో ఆ ఆవిరవడమే మందగిస్తుంది, కంప్రెషర్ మీద భారం పెరుగుతుంది, దిమ్మకు గంటలు ఎక్కువ పడతాయి. బోట్లన్నీ ఐసు కోసం వరుస కట్టే నెల కూడా అదే కాబట్టి, మీ ఊరి రేవులో ఐసు ఆలస్యమైతే దయచేసి ఆపరేటరు మీద కోప్పడకండి.