నీలి కాంతి వేసి చూస్తే నోటి క్యాన్సర్ తెలిసిపోతుందా? బయాప్సీ అక్కర్లేదా?

తెలిసిపోదు. అనుమానం ఎక్కడుందో చూపిస్తుంది, అంతే. ముక్క తీసి మైక్రోస్కోపు కింద పెట్టాల్సిందే. ఫోన్ లైటుతో క్యాన్సర్ పట్టేయొచ్చని వీడియోలు చేసేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది నాకు.

మాది కొండపి దగ్గర పొగాకు ఊరు. మా పెదనాన్నకు వయసులో ఉన్నప్పటి నుంచీ చుట్ట. ఎడమ బుగ్గ లోపల తెల్లమచ్చ లేచి, కారం తగిలితే చాలు మంట. ఒంగోలులో పళ్ల డాక్టరమ్మకు చూపించాను. ఆమె గదిలో లైట్లన్నీ ఆర్పేసి నోట్లోకి నీలి కాంతి వేశారు. "ఏంది అబ్బాయ్, బ్యాటరీ లైటు కొట్టించుకునేదానికి ఇంత దూరం తెచ్చావా?" అని ఈయన గొణుగుడు. ఫిల్టర్ అద్దంలోంచి నన్నూ చూడమన్నారు. నోరంతా లేతపచ్చగా మెరుస్తోంది, మచ్చ ఉన్నచోట మాత్రం నలుపు. నోటి పొర అడుగున ఉండే కొల్లాజెన్ ఆ కాంతికి పచ్చగా వెలుగుతుందట. కణాలు చెడిపోతున్నచోట దాని అల్లిక దెబ్బతిని వెలుగు తగ్గిపోతుంది.

ఇంతలో కుడివైపు నాలుక అంచున ఇంకో నలుపు. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. తీరా చూస్తే విరిగిన పన్ను గీరుకుని అయిన పుండు! వాపు ఉన్నచోట రక్తం ఎక్కువ చేరి కాంతిని పీల్చేస్తుంది, అందుకని అదీ నల్లగానే కనబడుతుంది. పన్ను అంచు అరగదీసి రెండు వారాలకు మళ్లీ రమ్మన్నారు. ఈసారి నాలుక పక్క నలుపు లేదు, బుగ్గలోది అలాగే ఉంది. ముక్క దాంట్లోంచే తీశారు. రిపోర్టులో డిస్‌ప్లేసియా అని వచ్చింది. అంటే ఇంకా క్యాన్సర్ కాలేదు, అయ్యే అవకాశం ఉంది. లైటును నమ్ముకుని ఉంటే రెంటికీ ఒకటే టెన్షన్ పడేవాళ్లం.

బంధువులు సరేసరి. కత్తి పెడితే ఒళ్లంతా పాకుద్దని ఫోన్ల మీద ఫోన్లు. చుట్ట మానమని ఒక్కరు చెప్పలేదు! నన్నడిగితే పొగాకు వేలం కేంద్రాల దగ్గర ఈ లైటుతో ఒక డాక్టర్ని కూర్చోబెట్టాలి. బేళ్లకు ధర పలికేదాకా రైతులు ఎటూ ఖాళీగానే ఉంటారు, ఆ టైంలో నోరు చూపించుకుంటారు.

పెదనాన్న చుట్ట మానేశాడు. దాని బదులు వక్కపొడి పట్టాడు. వక్కతో కూడా నోటి క్యాన్సర్ వస్తుందని చెప్పినందుకు నాతో మాట్లాడటం లేదు.