లిటిల్ మోర్టన్ హాల్ వంకర: డ్రాయింగ్ ఎలా సరిచేయాలంటే

ఇంగ్లండ్‌లోని చెషైర్‌లో ఉన్న పాత కలప భవనం లిటిల్ మోర్టన్ హాల్ దక్షిణ భాగాన్ని గీస్తుంటే గోడలు నిటారుగా వస్తున్నాయి, ఫొటోలతో కలవడం లేదు, పునాది కుంగిందా అని అడిగారు కదండీ. పునాది కంటే ముందు పైకప్పు చూడండి.

కట్టడం 1500ల మొదట్లో మొదలై దాదాపు వందేళ్లు విడతలుగా సాగింది. దక్షిణ భాగం నెత్తిన సుమారు 68 అడుగుల పొడవైన గ్యాలరీ, అంటే పొడవాటి గది, ఉంది. దాని మీద పరిచినవి పెంకులు కావు, బరువైన ఇసుకరాతి పలకలు. ఆ బరువుకే కింది అంతస్తులు వంగి, పక్కలకు ఉబ్బాయి.

మరి ఎందుకు కూలలేదంటారా? బరువు మోసేది గోడలు కాదు, ఓక్ కలప దూలాల చట్రం. ఒక దూలం చివర నాలుకలా చెక్కి, ఇంకోదానిలో తొలిచిన రంధ్రంలో దూర్చి, అడ్డంగా చెక్క చీల దిగ్గొడతారు. అలాంటి కీలు కొంచెం కదిలినా ఊడదు. పచ్చి ఓక్‌తోనే పని చేసేవారు కాబట్టి ఆరేకొద్దీ కలప మెలితిరిగేది కూడా. ఆ పనితనం చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

కాబట్టి ముందు చట్రం ఒక్కటే నిటారుగా గీయండి. తర్వాత గ్యాలరీ కింద దూలాలను మధ్యలో కిందికి వంచండి. దూలాల మధ్య ఖాళీ గళ్లు చివర్లో నింపండి, అవి బరువు మోయవు.

రంగు వేస్తారేమో, ఒక మాట. ఇప్పుడు కనిపించే నల్లటి దూలాలు, తెల్లటి గళ్లు తర్వాత వచ్చినవి. మొదట్లో ఓక్ వెండిరంగుకు తిరిగేది, గళ్లకు పసుపుమట్టి రంగు ఉండేది.