‘బాగుంది’ అన్న మాట దాటి పుస్తకం గురించి ఏం రాయాలి?

ప్రశ్న: ఈమధ్య ఒక నవల చదివాను. రెండో తరగతి పాపతో కలిసి ఒక సైన్సు బొమ్మల పుస్తకం కూడా చదివాను. రెండిటి గురించీ నా అభిప్రాయం రాద్దామని కూర్చుంటే ‘బాగుంది, అందరూ చదవాలి’ దగ్గరే ఆగిపోతున్నాను. ఏం చూడాలి? ఎలా రాయాలి?

జవాబు: చదివేటప్పుడే సగం పని అయిపోవాలండీ. పుస్తకం మూసేసిన వారానికి రాయబోతే చేతిలో మిగిలేది కథ సారాంశం, దానికో విశేషణం. బస్సు టికెట్టంత చీటీ ఒకటి పుస్తకంలోనే పెట్టుకుని, మనసు ఆగిన చోటల్లా పేజీ నంబరు, పక్కన రెండు మాటలు గీకండి. ‘47 – నవ్వొచ్చింది’, ‘112 – ఈయనెవరు?’, ‘130 – దాటేశా’. అన్నిట్లోకీ పనికొచ్చేవి దాటేసిన పేజీలే. వర్ణన ఎక్కువై దాటేశారా, ముందే తెలిసిపోయి దాటేశారా, భరించలేక దాటేశారా? ఈ మూడూ వేరువేరు అభిప్రాయాలు. నవలకు పది పదిహేను గుర్తులు చాలు. అంతకు మించితే చదవడం పోయి పద్దు రాయడం మొదలవుతుంది.

నవల విషయంలో ముందు తేల్చుకోవాల్సింది, నచ్చనిది వస్తువా, రాసిన తీరా అన్నది. ‘హీరోయిన్ మళ్లీ ఆ ఇంటికే వెళ్లింది, నచ్చలేదు’ అన్నది ఆవిడ మీద మీకొచ్చిన కోపం. ‘వెళ్లడానికి కారణం రచయిత ఎక్కడా చూపించలేదు’ అన్నది పుస్తకం మీద ఫిర్యాదు. చదివేవాళ్లకు రెండోది పనికొస్తుంది. మొదటిది కూడా రాయొచ్చు, కానీ అది మీ కోపమేనని తెలిసేలా రాయండి.

‘మధ్యలో సాగదీశారు’ అని రాసేముందు అచ్చు వివరాల పేజీ ఒకసారి తిప్పండి. మన పాత నవలలు చాలావరకు వారపత్రికల్లో సీరియల్‌గా వచ్చి, తర్వాత పుస్తకమయ్యాయి. వారం వారం చదివేవాళ్ల కోసం ప్రతి అధ్యాయం మొదట్లో జరిగిన కథ కాస్త గుర్తుచేస్తారు, చివర్లో ఒక కుదుపు ఇస్తారు. దాన్నే ఒక్క ఆదివారం కూర్చుని చదివేస్తే చెప్పిందే చెప్పినట్టుంటుంది. ఆ సంగతి ఒక్క వాక్యంలో చెబితే మీ విసుగుకు కారణం కూడా చెప్పినట్టవుతుంది.

అనువాద నవలైతే ఇంకో చిక్కు. ‘అతను తన చేతులను తన జేబుల్లో పెట్టుకున్నాడు’ లాంటి వాక్యాలు పది కనబడ్డాయంటే, మీకు ఎక్కనిది అసలు రచయిత కాకపోవచ్చు. తెలుగులో ‘జేబుల్లో చేతులు పెట్టుకున్నాడు’ అంటే సరిపోతుంది, ఎవరి చేతులని ఎవరూ అడగరు. మూలభాష నుంచి నేరుగా వచ్చిందా, ఇంగ్లీషు మీదుగా వచ్చిందా కూడా చూసి రాయండి. యాస గురించైతే ‘యాస బాగుంది’ అంటే ఏమీ చెప్పనట్టే. మాటల్లో మాత్రమే ఉందా, కథనం కూడా ఆ యాసలోనే నడిచిందా, ఒకే మనిషి నోట నలభయ్యో పేజీలో ఒకలా, రెండొందల పేజీలో ఇంకోలా పలికిందా అన్నది చెప్పండి. కథ మాత్రం మొదటి మూడో వంతు దాటి బయటపెట్టకండి.

ఇక పిల్లల సైన్సు పుస్తకం. ఇక్కడే ఎక్కువ పని ఉంది, ఎక్కువమంది వదిలేసేదీ దీన్నే. బొమ్మలు ముద్దుగా ఉన్నాయి, కాగితం మెరుస్తోంది అని రాసి ఊరుకుంటారు. పుస్తకం చెప్పిన సంగతి నిజమా అని ఎవరూ అడగరు! అన్నీ సరిచూడనక్కర్లేదు. ఎక్కువగా తప్పులు దొర్లే చోట్లు కొన్నున్నాయి, అవి చూస్తే పుస్తకం నాణ్యత తెలిసిపోతుంది.

ఒకటి ఋతువుల బొమ్మ. సూర్యుడి చుట్టూ భూమి తిరిగే దారిని పక్కనుంచి చూస్తున్నట్టు గీస్తారు కాబట్టి అది కోడిగుడ్డులా సాగిపోతుంది. అది చూసిన పిల్లలు దగ్గరైతే ఎండాకాలం, దూరమైతే చలికాలం అనుకుంటారు. నిజానికి భూమి సూర్యుడికి అతి దగ్గరగా, దాదాపు 14.7 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉండేది జనవరి మొదట్లో, మనం దుప్పటి కప్పుకునే రోజుల్లో. అతి దూరంగా, దాదాపు 15.2 కోట్ల దగ్గర ఉండేది జులై మొదట్లో. ఋతువులకు కారణం భూమి అక్షం వాలు. ఆ వాలును మాటల్లో చెప్పి, బొమ్మ కింద ‘దారి నిజంగా ఇంత సాగి ఉండదు’ అని ఒక్క ముక్క రాసిన పుస్తకం దొరికితే కళ్లకద్దుకోవచ్చు.

రెండోది భూమి, చందమామ. పేజీలో పట్టాలి కాబట్టి పక్కపక్కనే వేస్తారు. నిజానికి రెండిటి మధ్య 30 భూములు పడతాయి. 24 సెంటీమీటర్ల బాస్కెట్‌బాల్‌ను భూమి అనుకుంటే, చందమామ టెన్నిస్ బంతంత. దాన్ని 7 మీటర్ల పైచిలుకు దూరంలో పెట్టాలి. వరండాలో పాపతో చేయించి చూడండి. ‘బొమ్మ కొలత ప్రకారం లేదు’ అన్న మాట పుస్తకంలో ఉందో లేదో మీ అభిప్రాయంలో రాయండి.

నాలుక మీద తీపి ఒక మూల, చేదు ఒక మూల అని గీసిన పటం కనిపిస్తే ఆ పుస్తకం పాత పుస్తకాల్ని చూసి రాసిందేనని దాదాపు ఖాయం. రుచులన్నీ నాలుక అంతటా తెలుస్తాయి. 1901 నాటి ఒక జర్మన్ పరిశోధనను తర్వాతివాళ్లు తప్పుగా అర్థం చేసుకోవడంతో పుట్టిన పటం అది.

పాతబడిపోయిన సంగతిని మాత్రం తప్పుతో కలపకండి. శనికి 62 ఉపగ్రహాలని ఉంటే, 2018లో అచ్చైన పుస్తకానికి అది తప్పు కాదు. 2025 మార్చికి ఆ లెక్క 274కు చేరింది. 2006 ఆగస్టు తర్వాత మొదటిసారి అచ్చైన పుస్తకం ప్లూటోను తొమ్మిదో గ్రహమంటే మాత్రం తప్పే. మన దగ్గర సామాన్యజ్ఞానం పుస్తకాలకు ఇంకో పరీక్ష ఉంది. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర పక్షి పాలపిట్ట అని ఉందేమో చూడండి. విభజన తర్వాత 2018లో ఆంధ్రప్రదేశ్ రామచిలుకను ఎంచుకుంది. పాలపిట్ట ఇప్పుడు తెలంగాణది. ‘తాజా ముద్రణ’ అని అట్ట మీద వేసి లోపల ఇది మార్చలేదంటే, మారింది అట్టేనని రాసేయొచ్చు.

భాషకు పరీక్ష బయటికి చదవడమే. ‘ఆహారం ఆకులచే తయారుచేయబడుతుంది’ దగ్గర ఏడేళ్ల పిల్ల తప్పకుండా తడబడుతుంది. ‘ఆకులు ఆహారాన్ని తయారుచేస్తాయి’ అంటే గడగడా వెళ్లిపోతుంది. కిరణజన్య సంయోగక్రియ లాంటి మాట ఉండటం దోషం కాదు. మొదటిసారి వచ్చినచోట విడమరిచి చెప్పకపోవడమే దోషం. అచ్చు కూడా చూడండి. వరుసలు ఇరుకైతే పై వరుస ఒత్తులు కింది వరుస గుడుల్ని తాకి, పిల్లలు క్రావడిని కొమ్మనుకుంటారు. జిగురు బైండింగు పుస్తకంలో రెండు పేజీలకు పరిచిన బొమ్మ నడుమ భాగం మడతలో మాయమవుతుంది. తిమింగలం పొట్ట అక్కడే ఉంటుంది మరి. మధ్యలో పిన్ను కొట్టిన పుస్తకమైతే బల్లపరుపుగా తెరుచుకుంటుంది.

పాప అభిప్రాయం కావాలంటే ‘నచ్చిందా?’ అని అడక్కండి. మీ మొహం చూసి ‘ఆఁ’ అంటుంది. తనంతట తను ఏ పేజీకి తిరిగి వెళ్తోందో చూడండి. రెండు రోజులాగి, ‘అమ్మమ్మకు ఆ పుస్తకంలో ఏముందో చెప్పు’ అనండి. ఏది చెప్పిందో, ఏది తారుమారు చేసిందో రాసుకోండి. తారుమారైన చోట పుస్తకంలో ఆ పేజీ మళ్లీ చదివితే, తప్పు పాపదా, బొమ్మదా అన్నది చాలాసార్లు అక్కడే బయటపడుతుంది. తన మాటల్ని దిద్దకుండా ఉన్నదున్నట్టు దించండి.

అభిప్రాయం మొదట్లో పుస్తకం పేరు, రచయిత, అనువాదకులు, బొమ్మలు వేసినవారు, ముద్రణ సంవత్సరం, పేజీలు, వెల ఇవ్వండి. పిల్లల పుస్తకానికి ఏ వయసు పిల్లతో, ఎన్నిసార్లు కూర్చుని చదివారో కలపండి. మొత్తం మూడు నాలుగు వందల మాటలైతే సరిపోతుంది. తప్పు కనిపిస్తే పేజీ నంబరుతో ప్రచురణకర్తకు ఒక ఉత్తరం ముక్క కూడా పంపండి. పిల్లల పుస్తకాలు చిన్నచిన్న ముద్రణలుగా వస్తాయి కాబట్టి వచ్చేసారి దిద్దే వీలుంటుంది.